అమ్మమ్మ నిమ్మచెట్టు చూపించమన్న రోజు

నా చిన్నప్పుడు, ఆ కరోనా రోజుల్లో, గుమ్మం దాటని పిల్లే మంచి పిల్ల. మేము ఐర్లండులో, డ్రోహెడాలో ఉండేవాళ్లం. అమ్మ అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరు. నాన్న పొద్దస్తమానం పైగదిలో లాప్‌టాప్ ముందే. మమ్మల్ని చూసిపోదామని తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ, విమానాలు ఆగిపోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను వీధి తలుపు వైపు నడిస్తే చాలు, రెక్క పట్టుకుని వెనక్కి లాగేది. ఇంట్లో ఉంటే బతుకుతాం, బయటికెళ్తే పోతాం. ఆ మాట నాకు ఎక్కాల కంటే బాగా వచ్చింది.

ఒక సాయంత్రం కాలిఫోర్నియా నుంచి పెద్దమ్మ వీడియో కాల్ చేసింది. వాళ్లకి అప్పుడు పొద్దున. అయినా ఆమె వెనక కిటికీ చిక్కటి నారింజ రంగులో ఉంది, ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆ రాష్ట్రంలో ఏటా అడవులు తగలబడతాయని వినేదాన్ని గాని, ఆ మంట మనవాళ్ల ఇంటి మీదికే వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యమని ఫోనుకు హెచ్చరిక వచ్చిందట. చుట్టుపక్కల వాళ్లంతా వెళ్లిపోయారట. పెదనాన్న ఇండియాలో చిక్కుకుపోయాడు, పెద్దమ్మ ఒక్కతే ఉంది. పైగా ఆయాసం మనిషి. ఇళ్లు వదిలి వచ్చినవాళ్లందరినీ ఒక బడి హాల్లో పెడుతున్నారని, అక్కడ కరోనా అంటుకుంటే తను దక్కనని, తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉంటానని చెప్పింది.

నాకు హమ్మయ్య అనిపించింది. మా పెద్దమ్మ బుద్ధిమంతురాలే! "స్టే హోమ్, పెద్దమ్మా. యూ విల్ బీ గ్రాండ్," అన్నాను, నీకేం కాదులే అని. తెలుగు అర్థమయ్యేది గాని, నోట్లోంచి వచ్చేది ఆ ఐరిష్ ఇంగ్లీషే. అమ్మమ్మ మెచ్చుకుంటుందని తల తిప్పి చూశాను. ఆమె నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

వెళ్లమని బతిమాలలేదు, కోప్పడలేదు. ఆ పొగకి వాళ్ల వాకిట్లో నిమ్మచెట్టు ఏమైపోయిందో చూపించమంది. ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు. అమ్మమ్మకి వీడియోలో అన్నీ చూడాలని పిచ్చి, పొయ్యి మీది కూరతో సహా చూపించాల్సిందే. అందుకే పెద్దమ్మ విసుక్కుంటూనే మాస్కు పెట్టుకుని లేచింది. ఇన్‌హేలర్ జేబులో వేసుకోమని, తలుపుకి తాళం పడిపోతే కష్టం, తాళాల గుత్తి పట్టుకెళ్లమని అమ్మమ్మ జాగ్రత్తలు చెప్పింది. ఆకుల మీద బూడిద చూసి, కారు మీదా పడిందా అని అడిగింది. కారు చూశాక, లోపలికి దూరిందేమో తీసి చూడమంది. పెద్దమ్మ లోపల కూర్చున్నాక, పొగ వస్తోంది తలుపేసుకోమంది.

అప్పుడు మెల్లగా అంది: "ఇక బండి తియ్యి, తల్లీ."

పెద్దమ్మ భోరుమని ఏడ్చింది. ఎందుకో తెలియక నేనూ ఏడ్చాను. కాసేపటికి కారు కదిలింది, ఫోను ఆగిపోయింది.

నేను అమ్మమ్మ మీద ఇంతెత్తున లేచాను. నన్ను వీధిలోకే పోనివ్వవు, పెద్దమ్మని మాత్రం కరోనాలోకి పంపావు, నువ్వు చెప్పినవాటిలో ఏది నిజం అని అడిగాను. ఆమె ఏదో గట్టి కారణం చెబుతుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకేం తెలుసే? మంటైతే కనబడుతోంది కదా," అంది.

తర్వాత గాలి తిరిగి మంట పక్కకు పోయింది. పెద్దమ్మ ఇల్లు చెక్కుచెదరలేదు. ఆ హాల్లో మాత్రం ఆమెకు కరోనా అంటుకుంది, ఆసుపత్రిలో పడి చచ్చి బతికింది. ఆ రోజుల్లో అమ్మమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. తప్పు చేశానని అనలేదు, మంచి చేశాననీ అనలేదు. కోలుకున్నాక పెద్దమ్మ చేసిన మొదటి కాల్‌లో, నువ్వు చెప్పకపోతే నేను కదిలేదాన్నే కాదమ్మా అంది. అది కృతజ్ఞతో, నిష్ఠూరమో నాకు బోధపడలేదు. అమ్మమ్మకీ బోధపడినట్టు లేదు.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. పిల్లలు ఎటూ తేల్చుకోలేనప్పుడు, నాకేదో తెలుసని నా ముఖంలోకి చూస్తారు. నాకేమీ తెలియదు. కళ్లకు కనిపించినదాన్ని బట్టి ఒక మాట చెబుతాను, ఆ తర్వాత అది మంచో చెడో తేలేదాకా ముద్ద దిగక కూర్చుంటాను.