నేల తడిసిన ఫోటోలు

పంపు బాబాయి ఫైర్ స్టేషన్‌లో రిటైరై ఏడేళ్లయింది. అయినా మూరెడు పొడవున్న ఆ ఇనప కీ ఇప్పటికీ ఆయన సైకిలుకి వేలాడుతూనే ఉంటుంది. ఎక్కడ హైడ్రెంటు కనిపించినా, అదే, ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే ఎర్ర ఇనప స్తంభం, ఆయన ఆగాల్సిందే. మూత విప్పుతాడు, కీ పెట్టి తిప్పుతాడు, నీళ్లు పారి నేల తడిశాక ఫోటో తీస్తాడు. నేల పొడిగా ఉన్న ఫోటో ఆయన దృష్టిలో ఫోటోనే కాదు. స్కూలు గేటు పక్కనున్నది, ఆస్పత్రి గోడ వారనున్నది, సినిమా హాలు ముందు జనం టీ గ్లాసులు పెట్టుకునేది, అన్నీ ఆయన దగ్గరున్నాయి. నీళ్లు రానిది దొరికిందా, అది బాగయ్యేదాకా స్టేషన్ వాళ్ల ప్రాణం తోడేస్తాడు. అక్కడి ఆఫీసరు ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నవాడు, కనక కీ వెనక్కి అడగలేదు.

“మన పెళ్లిలో నా ఫోటో ఒక్కటీ సరిగ్గా రాలేదు. వీటికి మాత్రం ఆల్బమ్ కూడానా!” అని భార్య దెప్పుతుంది. దెప్పుతూనే ఫోటోలు వరసగా అతికిస్తుంది.

దర్జీ కొట్టు ముందున్న హైడ్రెంటు ఫోటో మాత్రం అందులో లేదు. ఆ వీధిలో ఆయన అడుగుపెట్టి పదకొండేళ్లయింది. ఎందుకో భార్యకొక్కదానికే తెలుసు.

అప్పట్లో హైడ్రెంట్లు తనిఖీ చేసే వంతు ఆయనది. ఆయన వెళ్లిన పొద్దున్నే దానికి కొత్త రంగు వేశారు. నిగనిగలాడుతోంది. మూత ముట్టుకుంటే చేతికి రంగు అంటుకుంటుందని, తిప్పి చూడకుండానే కాగితం మీద ‘పనిచేస్తోంది’ అన్నచోట టిక్కు పెట్టేశాడు. ఎంత పని చేశాడు! రంగు వేసినవాడు మూతకీ స్తంభానికీ కలిపి పూసేశాడు. సందులో రంగు ఎండి మూత బిగుసుకుపోయింది. నెల తిరక్కుండానే, మిట్టమధ్యాహ్నం, దర్జీ కొట్టు అంటుకుంది. ఇంజన్లో తెచ్చిన నీళ్లు అయిపోయాయి. ముగ్గురు పట్టుకుని తిప్పినా మూత కదల్లేదు. పక్క వీధి నుంచి గొట్టాలు పరిచి నీళ్లు తెచ్చేసరికి లోపల చిక్కుకున్న దర్జీ ప్రాణం పోయింది.

విచారణలో మూత తుప్పు పట్టిందని రాసి చేతులు దులుపుకున్నారు. ఈయన్ని ఎవరూ అడగలేదు, ఈయనా నోరు విప్పలేదు. తప్పే, ముమ్మాటికీ తప్పే. ఆయన్ని వెనకేసుకు రావాల్సిన పనేమీ లేదు.

దర్జీ భార్య ఆ కొట్టు మళ్లీ నిలబెట్టుకుని అక్కడే బట్టలు కుట్టుకుంటోంది.

“ఊరంతా తిరిగొచ్చారు కదా, ఇంకెన్నాళ్లు తప్పించుకుంటారు?” అంది ఒకరోజు పంపు బాబాయి భార్య. “వెళ్లి ఆవిడకి చెప్పేయండి. తిడితే పడండి.”

వెళ్లాడు. దర్జీ భార్య మిషను మీంచి తలెత్తి, “రండి అన్నయ్యగారూ, ఏం కుట్టాలి?” అంది.

ఆయన గుమ్మంలో నిలబడే చెప్పాడు. “మీ ఆయన పోయినరోజు ఈ హైడ్రెంటు తెరుచుకోలేదమ్మా. తుప్పు వల్ల కాదు. అంతకుముందు దాన్ని తనిఖీ చేసింది నేను. మూత తిప్పి చూడలేదు. చేతికి రంగంటుకుంటుందని.”

మిషను ఆగిపోయింది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అంతకన్నా తిట్టుంటేనే బాగుండేదనిపించింది ఆయనకి.

“ఇప్పుడది తెరుచుకుంటుందా?” అంది.

“మూత మార్చారట. నేను చూడలేదమ్మా.”

“తెరవండి. నేను చూడాలి.”

ఆయన సైకిలుకున్న కీ తీసుకుని హైడ్రెంటు దగ్గరికెళ్లాడు. మూత రెండు చుట్లకే ఊడి చేతిలోకొచ్చింది. కీ పెట్టి తిప్పాడు. గుర్రుమని గాలి, ఆ వెనక ఎర్రటి తుప్పు నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు దబదబా నేలమీద పడ్డాయి. ఆవిడ చెప్పులు తడిశాయి. చీర అంచు తడిసింది. వెనక్కి జరగలేదు.

నీళ్లకేసి చూస్తూనే అడిగింది.

“ఇంతేనా అన్నయ్యగారూ? తిప్పి చూడ్డానికి ఇంతసేపేనా పట్టేది?”

ఏదో ఒకటి చెప్పి తప్పుకోవడానికి ఈసారి ఆయనకి మనసు రాలేదు.

“ఇంతసేపేనమ్మా,” అన్నాడు.