చిన్నదొర మోటారును ఊరు నెట్టిన రోజు

నా చిన్నప్పుడు వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బాట మా ఊరి వాగులోంచే వెళ్లేది. వంతెన లేదు. దొరల మోటారు వస్తే ఊరంతా పనులు వదిలి దాన్ని ఇసుకలోంచి నెట్టాలి. అది వెట్టి, కూలి ఉండదు. అలా నెడుతుంటేనే ఒకసారి మోటారు వెనక్కి జారి మా తాతయ్య పాదం నలిగింది. లోపలున్న చిన్నదొర దిగి చూడలేదు సరికదా, ఆలస్యమైందని తిట్టుకుంటూ పోయాడు. ఆ తిట్టు నేను మరచిపోలేదు, మరచిపోవాలనీ లేదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక, ఆ బాటలో తిరిగే ఒకే ఒక్క బస్సును ఒక సాయిబు వెనక బొగ్గుల పొయ్యి కట్టి, దాని గ్యాసుతో నడిపేవాడు. ఒకనాడు అది పక్కకు తప్పుకోవడం ఆలస్యమై, వెనకొస్తున్న చిన్నదొర కొత్త మోటారు నిండా దుమ్ము పడింది. స్నేహితుల ముందు ఆయనకు తల కొట్టేసినట్టయింది. రేపు నాగర్‌కర్నూల్ దాకా పందెం, ఓడితే ఈ బాటలో బస్సు కనబడకూడదు, గెలిస్తే దాని జోలికి రాను అన్నాడు. సాయిబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు కాన్పు ఇంట్లో కష్టమై బిడ్డ దక్కలేదు. ఈసారి దవాఖానకు పోవాలంటే ఆ బస్సే దిక్కు. ఆ సాయంత్రం మా నాయనమ్మ నిప్పు అడిగి తెస్తానని ఇల్లిల్లూ తిరిగింది. మా పొయ్యిలో నిప్పు ఉండనే ఉంది.

మరునాడు మోటారే ముందొచ్చి ఇసుకలో దిగబడింది. లోపలివాళ్లు ఒక్కరూ దిగలేదు. జనం మూగి చేతులు వేశారు, ఊరదిరేలా అరిచారు. మోటారు మాత్రం కదలదు. గట్టు మీదున్న నాకు వింతగా అనిపించి కిందికి చూశాను. నిజంగా నెట్టేవాళ్ల కాలివేళ్లు ఇసుకలో పాతుకుపోతాయి. మా నాయనమ్మ పాదాలు ఇంటి గడప ముందు నిలబడ్డట్టు తేలిగ్గా ఉన్నాయి. అందరివీ అంతే.

అంతలో బస్సు వచ్చింది. ఎక్కినవాళ్లంతా రోజూలాగే దిగి, కొంగులు దోపుకుని నెట్టారు. అది దగ్గుతూ, పొగ కక్కుతూ గట్టెక్కింది.

"ఏందే, నూకుతలేరా?" అంటూ చిన్నదొర కొరడా ఎత్తాడు.

"నూకుతున్నం దొరా. పాణాలు పొయ్యేటట్టు నూకుతున్నం. కొత్త బండి, జర బరువున్నది," అంది మా నాయనమ్మ.

కొరడా ఆమె వీపు మీద పడింది. చేతులు మాత్రం మోటారు మీదనే ఉన్నాయి. ఎద్దులు కట్టి దాన్ని బయటికి లాగేసరికి బస్సు నాగర్‌కర్నూల్ చేరిపోయింది.

స్నేహితుల ముందు అన్న మాట కాబట్టి చిన్నదొర మళ్లీ బస్సు జోలికి రాలేదు. మా తమ్ముడు దవాఖానలో పుట్టాడు. పందెం నాటి రాత్రి కొరడా వాతలకు నేను పసుపు రాస్తుంటే నాయనమ్మ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత నా బతుకులో చిన్నదొరలు చాలామందే తగిలారు. అందరికీ సరేనన్నాను, చేతులూ వేశాను. కాలివేళ్లు ఎవరి కోసం దింపాలో మాత్రం నేనే చూసుకున్నాను.