గ్రూపులో పెట్టిన పెద్ద మచ్చ

నేను ఒక మనిషి మీద చెయ్యి చేసుకున్నది జీవితంలో ఒక్కరోజే. గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, పక్క ఫ్లాటాయన దవడ పగలగొట్టాను.

నాకు సూర్యుడి మీద మచ్చలు లెక్కపెట్టే పిచ్చి ఉంది. టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూడను, పెడితే ఆ కన్ను పోతుంది. గొట్టాన్ని సూర్యుడికేసి తిప్పి, వెనక తెల్ల అట్ట పెట్టి, దాని మీద పడే బింబంలో మచ్చలను పెన్సిల్‌తో గీసుకుంటాను. ఆరోజు చింతగింజంత మచ్చ దొరికింది. సంతోషం పట్టలేక అక్కడి నుంచే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "టెర్రస్ మీది నుంచి ఈరోజు పెద్ద మచ్చ స్పష్టంగా కనిపించింది. రేపు ఇంకా బాగా కనిపిస్తుంది." సూర్యుడనే మాట రాయాలని తోచలేదు. నాకు మచ్చంటే అదొక్కటే మరి.

ఎదురు టవర్లో పక్క ఫ్లాటాయన చెల్లెలు ఉంటుంది. ఆవిడ మెడ మీద పుట్టుమచ్చ ఉందట. నాకేం తెలుసు?

పది నిమిషాల్లో ఆయన పైకొచ్చాడు. వస్తూనే కాలర్ పట్టుకుని నన్ను గోడకేసి కొట్టాడు.

"సిగ్గు లేదారా? ఆడోళ్ల మచ్చలు చూసి మళ్ల గ్రూపుల పెడ్తవా?"

"సూర్యుడండీ! సూర్యుడి మీద మచ్చలండీ!"

"సూర్యుడంట! గొట్టం మా చెల్లె ఇంటి దిక్కే ఉన్నది గదా!"

నిజమే, సూర్యుడు అప్పుడే ఆ టవర్ మీదికి వచ్చాడు. ఆయన నా కడుపులో గుద్దాడు. కింద పడితే తన్నాడు. నా నోరంతా రక్తం. అట్ట లాగి పారేసి, "ఏ కిటికీకి పెట్టినవో నేను గూడ చూస్త" అంటూ టెలిస్కోప్ మీదికి వంగాడు.

చూడనీ అనుకున్నాను. చూడు, కళ్ళారా చూడు, గుడ్డివాడివై చావు అనుకున్నాను. అట్ట మీద పడాల్సిన వెలుగు ఆయన చెంప మీద పడి, కంటికేసి జరుగుతోంది. అరిస్తే సరిపోయేది. అరవలేదు.

వెలుగు కంటి కిందికి వచ్చాక లేచి కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. టెలిస్కోప్ ముక్కలైంది, ఆయన పన్ను ఊడింది.

సాయంత్రం అసోసియేషన్ వాళ్ళు నేను రోజూ సూర్యుడి మచ్చలు గీసుకునే పుస్తకం చూశాక సంగతి తేలింది. ఆయన వాచిన దవడతో మా గుమ్మంలోకొచ్చి చేతులు జోడించాడు.

"నువ్వు కొట్టకుంటే నా కన్ను పోయేదంట అన్నా. మాఫ్ చెయ్యి."

"పర్లేదండీ" అన్నాను.

ఇప్పుడు లిఫ్టులో ఎవరు కనిపించినా, "మా అన్న పుణ్యాన నాకు చూపున్నది" అని చెబుతాడు. నేను అంతస్తుల నంబర్లకేసి చూస్తూ నిలబడతాను.