సుక్కి పట్టిన వాన

కేసముద్రం మార్కెట్ యార్డు మీద మబ్బు కమ్మితే అందరి చేతులూ టార్పాలిన్ల మీదికే పోతాయి. తండా నుంచి వచ్చి అక్కడే ఊడ్చి, జల్లెడ పట్టి బతికిన సుక్కి చేతులకూ చిన్నప్పటి నుంచి అదే అలవాటు. చినుకు పడితే కప్పాలి.

అలాంటి మనిషికి గోదాం డాబా మీద వాన నీళ్లు పట్టే పళ్లెం అప్పగించారు. హైదరాబాద్ ల్యాబ్ నుంచి వచ్చిన శ్వేత పని నేర్పింది. దూరదేశంలో ఎక్కడైనా అణుబాంబు పరీక్షిస్తే, ఆ ధూళి పైగాలుల్లో కొట్టుకొచ్చి వానతో కిందికి దిగవచ్చు. వాన లేనప్పుడు పళ్లెం మూసి ఉంచాలి, తొలి చినుకుకే మూత తీయాలి. ఆ నీళ్లు సీసాలో పోసి పంపితే మన మీద ఏం పడిందో ల్యాబ్‌లో తేలుతుంది.

ఆ తర్వాత పడ్డ మొదటి వానకు సుక్కి పరుగున డాబా ఎక్కింది. మూత తీయకపోగా దాని మీద టార్పాలిన్ కూడా కప్పి, మూలలకు ఇటుకలు పెట్టింది. "ఒక్క చుక్క పడనియ్యలే మేడం" అని ఫోన్లో చెప్పింది. శ్వేత నవ్వేసింది. ఆ నవ్వు సుక్కి మనసులో ఉండిపోయింది.

ఆ ఏడు వానాకాలం చివర ఒక దేశం బాంబు పరీక్షించిందని టీవీలో వచ్చింది. శ్వేత ఫోన్ చేసింది. "సుక్కమ్మా, ఈ పరీక్ష తర్వాత పడే తొలి వాన పోతే మళ్లీ దొరకదు."

ఆ వారమే సుక్కి తన చేనులో పండిన మొక్కజొన్న గింజలు తెచ్చి యార్డులో ఆరబోసింది. మధ్యాహ్నం పడమర నల్లబడింది. కుప్ప మీదికి టార్పాలిన్ సగం లాగిందో లేదో, చినుకు మణికట్టు మీద పడింది. చేతిలోది వదిలేసి మెట్ల వైపు పరుగెత్తింది.

"ఏందక్కా, మక్కలు ఇడిసిపెట్టి పళ్లెం కాడికి ఉరుకుతున్నవ్? ల్యాబోళ్లు ఏమన్న నీ మేనత్త బిడ్డలా?" పక్క కుప్ప కప్పుకుంటూ తోటి రైతు అండాలు అరిచింది.

యార్డంతా కప్పుకుంటుంటే సుక్కి మూత తీసింది. పైనుంచి చూస్తే తన కుప్ప సగం పచ్చగా, బయటే కనిపిస్తోంది. చేతులు అటే లాగాయి. మూతను రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడింది.

తడిసిన మక్కలను ఎవరూ కొనలేదు. మళ్లీ ఆరబోయక తప్పలేదు.

అవి ఆరకముందే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. సుక్కి అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. కొత్తగా ఏమీ పడలేదని, నీళ్లు మామూలుగానే ఉన్నాయని శ్వేత చెప్పింది.

"ఏం లేదని చెప్పనీకేనా గన్ని మక్కలు తడుపుకున్నవ్?" అంది అండాలు.

"ఊకెనే ఏం లేదంటె ఎవలు నమ్ముతరు? పట్టి చూసినంక అన్నరు. అటు జనగామల, ఇటు భూపాలపల్లిల పెట్టిన పళ్లాలల్ల చుక్క పడలేదట. ఈ దిక్కు మొత్తానికి వాన పట్టింది నేనే."

అండాలు ఆమెను ఎగాదిగా చూసి తన పనిలో పడింది.

ఆ సాయంత్రమే మళ్లీ మబ్బు పట్టింది. సుక్కి తన కుప్ప దగ్గరే ఒక్క క్షణం తటపటాయించింది.

"నిలవడ్డవేందక్కా? పో, మూత తియ్యి" అంది అండాలు. అప్పటికే ఆమె సుక్కి మక్కల మీదికి టార్పాలిన్ లాగుతోంది.