ఒకే బెంచీ మీద ఇద్దరం

మా అమ్మాయి డిగ్రీలో చేరిన ఏడాదే నేనూ చేరాను.

ఇంటర్ పాసైన వేసవిలోనే నాకు పెళ్లి చేసేశారు. ఆ తరువాత సాలూరులో కాపురం, ఇంట్లో కుట్టుమిషను, లారీ మీద ఒడిశా జైపూర్, రాయపూర్ తిరిగే భర్త. అమ్మాయిని చేర్పించడానికి ప్రైవేటు డిగ్రీ కాలేజీకి వెళ్లినప్పుడు అక్కడి గుమస్తా నా చదువు సంగతి అడిగాడు. "మీరూ చేరిపోండమ్మా. ఫీజు గవర్నమెంటే కడుతుంది కదా" అన్నాడు. సీట్లు నిండక వాళ్లు ఇంటింటికీ తిరుగుతున్న రోజులవి. నేను నవ్వేశాను. మా అమ్మాయి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

"సేరిపోవే అమ్మా. ఇద్దరం కలిసెల్దుం. నాకూ తోడుంటాది."

ఈ మాట విని మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "ఇద్దరూ ఎల్పోతే మిషను ఎవురు తొక్కుతారే?" అన్నాడు. రెండు ముద్దలు తిన్నాక తనే, "సరేలే, సాయంత్రాలు కుట్టుకుందువు. ఎల్లు" అన్నాడు.

క్లాసులో పిల్లలు నన్ను మొదట్లో ఆంటీ అన్నారు, పోనుపోను అక్కా అన్నారు. పెళ్లయ్యాక ఎవరికో పెళ్లాంగా, ఎవరికో అమ్మగా ఉండిపోయినదాన్ని. అక్కడ హాజరు వేసేటప్పుడు రోజూ నా పేరు నాకు వినపడేది. తెలుగు మాస్టారు పద్యం చదవమన్న రోజున మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. మా అమ్మాయి బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా చదివేశాను.

రెండో సంవత్సరం మొదట్లో గుమస్తా నన్ను ఆఫీసుకు పిలిచాడు.

"గవర్నమెంటు నుంచి అమ్మాయి ఫీజు మంజూరైందమ్మా. మీది వయసు దాటిపోయిందని తిప్పేశారు. ఫీజు మీరే కట్టుకోవాలి."

"మరి చేరేటప్పుడు చెప్పలేదేం బాబూ?"

"నాకూ తెలీదమ్మా" అన్నాడు, కంప్యూటరు వైపు చూస్తూ.

మా ఇద్దరిదీ ఒకే రేషన్ కార్డు. అవే పాఠాలు, అవే పరీక్షలు. చదవాల్సిన వయసులో నన్ను అత్తారింటికి పంపారు. తీరిక దొరికి వస్తే వయసు అయిపోయిందన్నారు. ఇందులో నా తప్పేమిటో అడగడానికి ఏ గది తలుపు తట్టాలో ఇప్పటికీ నాకు తెలియదు.

మానేస్తానన్నాను. ఒప్పుకోనిది మా ఆయనే. "సగం దారిలో బండాపేత్తారేటే?" అన్నాడు. ఆడవాళ్ల సంఘంలో అప్పు తీసుకుని కొంత కట్టాం. చివరి సంవత్సరం అతను నడిపే లారీని యజమాని అమ్మేశాడు. నెలల తరబడి వేరే బండి దొరక్క ఇంట్లోనే కూర్చున్నాడు. మిగతా ఫీజు అలాగే ఉండిపోయింది. కాలేజీవాళ్లు దయతలచి పరీక్షలు మాత్రం రాయనిచ్చారు. ఇద్దరం పాసయ్యాం.

అప్పుడే ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం ఉందని తెలిసింది. డిగ్రీ ఒరిజినల్ చూపించాలి. ఇద్దరం కాలేజీకి వెళ్లాం. గుమస్తా మా అమ్మాయిది దాని చేతికిచ్చాడు. నాది బీరువాలో ఉందనీ, బాకీ తీరితేనే ఇవ్వగలననీ అన్నాడు. ఒక్క రోజుకు ఇమ్మని బతిమాలాను. బీరువా తాళం సొరుగులో పడేసుకున్నాడు. బయటికి వచ్చేసరికి మా అమ్మాయి తన సర్టిఫికెట్‌ను చున్నీ కింద దాచేసుకుంది, అదేదో దొంగిలించినట్టు. దానికి కళ్లనిండా నీళ్లు.

ఇంటికొచ్చాక అది, టీచరు కావాలని పెట్టాలనుకున్న బీఈడీ దరఖాస్తు ఊసు ఎత్తలేదు. రెండు రోజులు పోయాక, విశాఖలో బట్టల షాపులో పని చూసుకున్నానని చెప్పింది.

"నీ సర్టిఫికెట్టు ఇడిపించేసి వత్తాన్లే అమ్మా. బీఈడీ ఎక్కడికి పోతాది?"

"వద్దే. నా కోసం నీ సదువు మానేత్తావేటి?" అని అరిచాను. ఏడ్చాను కూడా. మా ఆయన వీధిలోకి వెళ్లిపోయాడు. తెల్లారి అది బస్సెక్కింది.

అది పంపిన జీతంతో బాకీ తీరి, నా సర్టిఫికెట్ చేతికి రావడానికి ఏడాది దాటింది. హాస్టలు ఉద్యోగం ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. డిగ్రీ పట్టుకుని మళ్లీ మిషను దగ్గరే కూర్చున్నాను. సంఘం అప్పు ఇంకా ఉంది, అందుకని అమ్మాయి షాపు మానలేదు.

మొన్న ఆదివారం వచ్చింది. అన్నం తిని, చాప మీద వాలిపోయింది. రోజంతా నిలబడి ఉండడంతో పాదాలు వాచిపోయి ఉన్నాయి. కొబ్బరినూనె వెచ్చబెట్టి రాస్తూ, "ఈ ఏడాది బీఈడీకి కడదామే" అన్నాను.

"సూద్దాంలే అమ్మా" అంది కళ్లు మూసుకునే. ఆ తరువాత నిద్రపోయింది. సాయంత్రం బస్సు టైము దాకా దాన్ని లేపడానికి నాకు మనసు రాలేదు.