రెండు సంతల గడువు

1979. అరకు సంత వీధిలో నేను మందుల కొట్టు పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. విజయనగరం వైపు చింతపండు వ్యాపారుల ఇంట పుట్టినవాణ్ణి. ఎంతటి బేరమైనా ఇద్దరికీ నడుమన కుదర్చగలనని నాకు పెద్ద పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ నేనే.

వారం వారం శుక్రవారం జరిగే సంతలో ఇడ్లీలమ్మే పైడమ్మకు చాలా ఏళ్ళుగా షుగర్. నన్ను తమ్ముడూ అనేది, నేను అక్క వరసన అప్పా అనేవాణ్ణి. ఒక శుక్రవారం వాచిన కాళ్ళతో వచ్చింది. ఆమె మూత్రం టెస్ట్‌ట్యూబ్‌లో పోసి స్పిరిట్ దీపం మీద కాచాను. తెల్లగా విరిగింది. అది ఆల్బుమిన్, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్. షుగర్ వల్ల కిడ్నీలు పాడైతే ఇలా బయటికి కారిపోతుంది.

“అప్పా, కిడ్నీలు సెడిపోతన్నాయి. రేపే విశాపట్నం పెద్దాసుపత్రికి పో.”

“రేపా? ఏటి తమ్ముడూ, నవ్వులాటగా ఉందా? నాలుగు సంతలు ఆగనీ. నా పొయ్యి సల్లారితే ఆ చోట్లో కూకోడానికి పకోడీలోడు కాసుకున్నాడు.”

“నాలుగు కుదర్దు. ఒకటి.”

“మూడు.”

“రెండు. ఆపైన నా వల్ల కాదు.”

“సర్లే, పిసినారోడా, రెండే. ఈ వాపుకేదైనా పడేయి.”

ఎంజైమ్ మాత్రలిచ్చాను. దెబ్బ తగిలినచోట పేరుకున్న ప్రొటీన్‌ను పెప్టైడ్‌లనే చిన్న ముక్కలుగా కోసి రక్తంలో కలిపేస్తాయని, దాంతో వాపు తగ్గుతుందని కంపెనీ రెప్రజెంటేటివ్ చెప్పాడు. బెణుకులకు వాడేవి. కిడ్నీ జబ్బుకు పనిచేస్తాయని అతను అనలేదు, నేనూ అడగలేదు. వాపంటే వాపే కదా అనుకున్నాను.

మరుసటి సంతకు పొద్దున్నే వచ్చి కాలు చాపి చూపించింది. “సూడు, సెప్పు పడతంది!”

నేను కాళ్ళే చూశాను. ముఖం ఉబ్బి ఉంది. “ఒళ్ళు చేశావే అప్పా!” అని నవ్వాను కూడా. రాత్రంతా పడుకుంటే కాళ్ళలోని నీరు ముఖంలోకి చేరుతుందని తెలియక కాదు. మాత్రలు నావి కాబట్టి వాపు తగ్గిందనే నమ్మాను.

రెండో సంతనాడు ఆమె పొయ్యి వెలగలేదు. ఇంటికెళితే గోడకానుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఆలస్యమైంది, ఇక కష్టమన్నారు.

“రెండు వారాల ముందు తెస్తే బతికేదా?” అని డాక్టరును అడిగాను.

“కిడ్నీలు బాగయ్యేవి కావు. ఊపిరితిత్తుల్లో ఇంత నీరు చేరకుండా చూసేవాళ్ళం. ఇంకొంత కాలం ఉండేది.”

మంచం మీంచి పైడమ్మ, “నా చోట్లో ఎవడైనా కూకున్నాడేటి?” అంది. లేదన్నాను. మూడో రోజున పోయింది.

తర్వాత ఎవరి మూత్రం అలా విరిగినా, కొట్టు మూసి రైలెక్కించి వచ్చేవాణ్ణి. సంత అయ్యాక పోతామని బతిమాలేవారు, తిట్టేవారు, కొందరు వేరే కొట్టు పట్టారు. నేను మాత్రం ఒక్క పూట కూడా తగ్గలేదు. పైడమ్మకు ఉదారంగా ఇచ్చానే, ఆ రెండు వారాలు ఇవ్వడానికి అసలు నావి కావు.