కాటా దగ్గరి రెండో ఎర్త్

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. నరసరావుపేటలో మా అమ్మ "ఏందిరా ఆ తిరుగుడు, కాళ్ళ కింద నిప్పులు పోశారా?" అని విసుక్కునేది. అలాంటివాడికి దొరికిన ఉద్యోగం చూడండి: పరీక్ష పెట్టి, ఫలితం కోసం కాచుకుని కూర్చోవడం. ఎనభైల చివర్లో హైదరాబాదులో ఒక కంప్యూటర్ కంపెనీలో చేరాను. నాలుగైదు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపిన చోటికి వెళ్ళి, కేబుల్, కార్డులు స్టాండర్డు ప్రకారం ఉన్నాయో లేదో చూసి, ఫారం మీద టిక్కులు పెట్టి సంతకం చేయాలి.

మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి నన్నొక్కడినే పంపారు. ఒంటరిగా చేస్తున్న మొదటి పని. ఆఫీసులో మూడు కంప్యూటర్లు, లారీలు తూచే కాటా గదిలో ఒకటి, మధ్యలో నల్లటి కేబుల్. ఆ కేబుల్ లాగింది అక్కడి ఎలక్ట్రీషియన్. మాచర్ల మనిషి, నలభై దాటినవాడు, అందరూ భాయ్ అనేవాళ్ళు. పదేళ్ళుగా రోజుకూలీగానే ఉన్నాడు. మేనేజరు నా ముందే అతనితో అన్నాడు: "ఈ సారు ఒక్క వంక లేకుండా పాస్ చేస్తే నిన్ను పర్మినెంటు చేస్తా భాయ్."

భాయ్ పని చూస్తే ముచ్చటేసింది. ఎక్కడా మెలిక లేదు, గోడ పొడవునా క్లిప్పులన్నీ ఒకే వరస. పొడవు హద్దులోనే ఉంది. మీటర్ పెట్టి చూస్తే లెక్క సరిగ్గా వచ్చింది. ఫారంలో తర్వాతి గడి: "కేబుల్‌కు ఎర్త్ ఒకేచోట ఉండాలి. రెండు చివరలూ స్వయంగా చూడాలి." ఆఫీసు చివర ఎర్త్ వైరు కనిపిస్తోంది. రెండో చివర కాటా గదిలో. అక్కడికి వెళ్ళాలంటే మిట్టమధ్యాహ్నం ఎండలో, దుమ్ములో, లారీల వరస దాటుకుని పోవాలి. మూడింటికి నరసరావుపేట బస్సు. నా మనసు అప్పటికే ఆ బస్సులో కూర్చుంది. టిక్కు పెట్టేశాను.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి అరగంటసేపు సమాచారం పంపి, తప్పులెన్నో లెక్క చూశాను. సున్నా. సంతకానికి పెన్ను తీశాను. అంతలో భోజనాల విరామం అయిపోయి క్రషర్ మొదలైంది. సున్నపురాయిని పిండి చేసే ఆ మోటారు తిరగగానే గోడలు అదిరాయి, తెరమీద తప్పుల అంకె పరుగెత్తింది. కాటా కంప్యూటర్ పలకడం మానేసింది.

ఇక నా తిప్పలు చెప్పనక్కర్లేదు. కార్డు మార్చాను, కేబుల్ చివర్లకు బిగించే టెర్మినేటర్ బిరడాలు మార్చాను, హైదరాబాదులో నాకు పెట్టె సర్దిచ్చినవాణ్ణి తిట్టుకున్నాను. గదిలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో. మూడింటి బస్సు పోయింది. మేనేజరు గంటకోసారి వచ్చి వాకిట్లో నిలబడి, గడియారం చూసుకుని వెళ్ళేవాడు. అయిదింటికి షిఫ్టు మారేటప్పుడు క్రషర్ ఆగింది. తప్పులూ ఆగాయి. అప్పుడు వెలిగింది నాకు, చూడకుండానే టిక్కు పెట్టిన ఆ రెండో చివర సంగతి. పరుగులాంటి నడకతో కాటా గదికి వెళ్ళాను, భాయ్ నా వెనకే వచ్చాడు.

కేబుల్ చివర ఆకుపచ్చ వైరు, చక్కగా నట్టు బిగించి ఉంది. వెనకాల ఎర్త్ గుంట, అందులో తడి. క్రషర్ తిరిగినప్పుడల్లా ఒక ఎర్త్ నుంచి ఇంకోదానికి కరెంటు మా కేబుల్ మీదుగానే నడిచి సమాచారాన్ని చెడగొడుతోంది. 

"ఇక్కడ కూడా ఎందుకిచ్చావు భాయ్?" అన్నాను.

"మోటారుకి రెండు ఎర్తులియ్యాలని రూలు గదా సార్. మాది రాతినేల, ఒకటి పట్టకపోతే రెండోది కాపాడుద్ది. రోజూ ఉప్పునీళ్ళు పోస్తన్నా," అన్నాడు, మెచ్చుకుంటానేమోనన్నట్టు.

వైరు ఊడదీశాం. క్రషర్ మళ్ళీ తిరిగింది. తప్పులు సున్నా. మధ్యాహ్నమే నేను వచ్చి చూసుంటే ఇది రెండు నిమిషాల పని, మూడో మనిషికి తెలిసేది కాదు.

మేనేజరు వచ్చి, సంగతి విని, "ఎవురిచ్చారయ్యా ఇక్కడ ఎర్త్?" అన్నాడు.

"నేనే సార్."

"రూలే తెలీనోడివి, నీకు పర్మినెంటేంది?"

నేను ఫారం అందుకున్నాను. మధ్యాహ్నం పెట్టిన టిక్కు దానిమీద అలాగే ఉంది. ఇప్పుడది నిజమైపోయింది కాబట్టి చెరపాల్సిన పని కూడా లేదు. కింద సంతకం చేశాను. అంత సిగ్గుమాలిన సంతకం మళ్ళీ చేయలేదు.

ఆరున్నర బస్సుకి భాయ్ నా పెట్టె మోసుకొచ్చాడు. వద్దన్నా వినలేదు. రోడ్డు మీద నిలబడ్డాం. ఎదురుగా ఫ్యాక్టరీ గేటు, మేనేజరు గది కిటికీ తెరిచే ఉంది.

"మధ్యానం మీరు కాటా కాడికి వస్తారని చానాసేపు నిలబడ్డా సార్, చూపిద్దామని. మీరు రాలా," అన్నాడు భాయ్.

నేను బస్సు వచ్చే దారివైపు చూశాను.

"ఆ మాట మేనేజరు గారికి మీరే చెప్తారేమోనని ఇందాకటిదాకా చూశా."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. గేటు దాకా నడిస్తే రెండు నిమిషాలు. బస్సు వచ్చి ఆగింది. భాయ్ పెట్టె లోపల పెట్టాడు. నేను ఎక్కాను.